పాకం పట్టిన గెనుసుగడ్డ

సౌదీలోని హుఫూఫ్‌లో నేను పనిచేసిన ఇంటి కోడలు జపాన్ అమ్మాయి. ఆ ఇంటి కొడుకు పైచదువుకు అక్కడికి వెళ్ళి, ఆమెను పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. ఆమె మతం మార్చుకుంది, నమాజు నేర్చుకుంది, చేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంది. నేను పనిలో చేరేటప్పటికి ఆమె వచ్చి రెండేళ్ళయింది. అయినా అరబ్బీ చిన్నపిల్లలాగే మాట్లాడేది. నాదీ అంతంతమాత్రమే. ఇద్దరం వంటింటి మాటలతోనే గడిపాం. నీళ్ళు, ఉప్పు, వేడి, చాలు, ఇంకొంచెం, రేపు.

ఇంట్లో ఎప్పుడూ ఉండేది ముగ్గురం ఆడవాళ్ళం: కోడలు, ఆమె అత్త, నేను. కొడుకుది దమ్మామ్‌లో ఉద్యోగం. గురువారం సాయంత్రం వచ్చి శనివారం వెళ్ళిపోయేవాడు. గేటు పక్క గదిలో డ్రైవరన్న ఉండేవాడు. జగిత్యాల దగ్గరి మనిషి, యాభై దాటినవాడు.

అత్తను నేను ‘మామా’ అని పిలిచేదాన్ని. అక్కడ పెద్ద యజమానురాలిని పనివాళ్ళు అట్లాగే పిలుస్తారు. ఇది చదివి ఆమె చెడ్డ మనిషని ఎవరూ అనుకోకూడదు. నా మీద ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు, నా ఫోన్ లాక్కోలేదు. తోటలో మొదటి ఖర్జూరాలు దిగినప్పుడు నా చేతిలోనూ గుప్పెడు పోసేది. ఆమె మాట్లాడింది అరబ్బీయే అయినా నా చెవికి మా రాయచోటి మాటల్లాగే వినబడేది. అందుకని అట్లాగే రాస్తున్నాను.

కోడలికి ఐదో నెల నడుస్తుండగా, చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఫోన్‌లో గెనుసుగడ్డల బొమ్మ.

“ఇది బజారులో ఉందా?” అని అడిగింది.

అప్పటికి నాలుగు నెలలుగా ఆమె ఏదీ నోరు తెరిచి అడగలేదు. తిన్నది కక్కుకోవడమే సరిపోయింది. నేను వెంటనే డ్రైవరన్నకు ఫోన్ చేశాను.

“అన్నా, బజారుకు పోతే గెనుసుగడ్డలు చూడు. మదాము అడుగుతాంది.”

“గెనుసుగడ్డలంటే ఏంది చెల్లె? కందగడ్డలా?”

“అవే. ఎర్ర తోలువి.”

“అగో, కందగడ్డ అనరాదు మల్ల. తెస్త తియ్.”

మరుసటిరోజు ఆమె నన్ను పక్కకు జరిపి తానే వంటగట్టు ముందు నిలబడింది. గడ్డను కోసినప్పుడల్లా కొద్దిగా దొర్లించి, మళ్ళీ ఏటవాలుగా కోసింది. ఏ ముక్కా ఇంకో ముక్కలా లేదు. వాటిని నీళ్ళలో వేసి, కాసేపాగి తీసి, గుడ్డతో ఒక్కొక్కదాన్నీ తుడిచింది. మా వైపు గెనుసుగడ్డలు ఉడకేసుకుంటాం, లేదంటే పొయ్యిలో నిప్పుల కింద కప్పెడతాం. నూనెలో వేయించి పాకంలో పొర్లించడం నేనెప్పుడూ చూడలేదు. ముక్కలు బంగారు రంగుకొచ్చి, గరిటె తగిలితే గలగలమనేదాకా ఆమె పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

పాకం దగ్గర మాత్రం తడబడింది. చక్కెర మాడిపోయింది. రెండోసారి పలచగా ఉండగానే దించేసింది. అప్పుడు నేను గిన్నెలో చల్లనీళ్ళు తెచ్చి, అందులో పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూపించాను. బొరుగు ముద్దలకు మా అమ్మ అట్లాగే చూసేది. ఆమె తానూ ఒక చుక్క వేసి, ఉండ చేసి, కళ్ళు పెద్దవి చేసుకుని నా వైపు చూసింది. సోయా సాస్ రెండు చుక్కలు వేసింది. చివర్లో నల్ల నువ్వులు కావాలంది. నేను మామా సీసాలోంచి నల్ల జీలకర్ర తీసి ఇచ్చాను. నోట్లో వేసుకుని ఆ చేదుకు మొహం ముడుచుకుని, తర్వాత గట్టిగా నవ్వింది. ఆమె నవ్వు వినడం నాకదే మొదలు.

దాని పేరు దైగాకు ఇమో అని చెప్పింది. ఇమో అంటే గడ్డ, దైగాకు అంటే యూనివర్సిటీ అట. ఒకప్పుడు అక్కడ చదువుకునే పిల్లలు కొనుక్కుని తినేవాళ్ళట. వాళ్ళమ్మ శీతాకాలంలో చేసేదట. పైన పాకం గాజులా గట్టిగా ఉంది, పంటి కింద టప్పుమని విరిగింది, లోపల మెత్తని వెన్న. మామాకు కూడా ఒక ముక్క పెట్టాం. “పండ్లుండేవాళ్ళ తిండి ఇది” అని పక్కన పెట్టేసింది, కానీ కోపంగా కాదు.

ఆ తర్వాత వారానికోసారైనా చేసుకునేవాళ్ళం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామా పడుకునేది. సాయంత్రపు అస్ర్ నమాజు వేళ దాకా ఇల్లు మాది. ముక్కలు వేగుతుంటే ఆమె వాళ్ళ ఊరి సంగతులు చెప్పేది. వాళ్ళ దేశంలో తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుందట. మా దగ్గరా అంతేనని చెప్పాను. నా ఇద్దరు కూతుళ్ళూ మా అమ్మ ఇంట్లోనే పుట్టారని, నన్ను అత్తవారింటికి పంపేటప్పుడు అమ్మ ఒళ్ళో చలిమిడి పెట్టిందని చేతులతో చూపించాను.

“నేను పోవడం లేదు. ఈయన వద్దన్నాడు. ఇక్కడి ఆసుపత్రి మంచిది అన్నాడు” అంది. పొయ్యి మంట తగ్గించి, “మంచిదే” అని తానే అంది.

ఏడో నెలలో రక్తపరీక్ష చేసి, కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్ ఆమెకు వచ్చిందన్నారు. తిండితో అదుపు చేసుకోమన్నారు. అదుపులోకి రాకపోతే సూదులు వేసుకోవాలన్నారు. వేలికి గుచ్చి చూసుకునే మిషను ఇచ్చి పంపారు. రోజుకు నాలుగుసార్లు చూసుకుని, అంకె ఫోటో తీసి భర్తకు పంపాలి. అతను దాన్ని డాక్టరుకు చూపిస్తాడు.

ఆ సాయంత్రమే మామా వంటింట్లోకి వచ్చి చక్కెర డబ్బా, తేనె సీసా, ఖర్జూరపు పాకం అన్నీ బుట్టలో వేసుకుంది.

“ఇవన్నీ నా బీరువాలో పెట్టుకుంటా. ఆ పిల్ల ఏడ్సినా నువ్వు పెట్టగాకు. నేను ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టినా. ఇంగ సూడలేను” అంది.

“పెట్టను మామా” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

మూడు వారాలు మాట నిలబెట్టుకున్నాను. ఉడికించిన కోడి, దోసకాయ, గోధుమ రొట్టె ముక్క, అంతే ఆమె తిండి. నెమ్మదిగా ఆమె మాట తగ్గింది. మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చుని, పొయ్యిని చూస్తూ ఉండేది. ఒకరోజు ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వంటగట్టు మీద తల పెట్టి, శబ్దం లేకుండా ఏడ్చింది. ఆమె భుజాలు కదలడం చూసే ఏడుస్తోందని తెలుసుకున్నాను.

“రెండు ముక్కలు. రెండే” అంది తల ఎత్తి.

నేను డ్రైవరన్నతో చెప్పాను. ఉల్లిగడ్డల సంచిలో ఒక చక్కెర పొట్లం పెట్టి తెమ్మన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

“పెద్దమ్మ వద్దన్నది గద చెల్లె. డాక్టరు గూడ వద్దన్నడంట. నాకెందుకీ లొల్లి?”

“రెండు ముక్కలు తింటే ఏమయితాది అన్నా? పుట్టింటి తిండి లేక చచ్చిపోతాంది ఆ పిల్ల. మన ఆడపిల్లయితే పెట్టమా?”

ఆయన కొంచెంసేపు స్టీరింగ్ మీద వేళ్ళు ఆడించి, “నీ ఇష్టం మల్ల” అన్నాడు. పొట్లం వచ్చింది.

రెండు ముక్కలు పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని తింది. అప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోను. నాకు పరాయి దేశంలో ఒక కూతురు దొరికినట్టు, ఆ కూతురికి నేను ఒడి నింపుతున్నట్టు అనిపించింది. రెండు ముక్కలు నాలుగయ్యాయి. నాలుగు చిన్న పళ్ళెమయింది.

మొదటిసారి తిన్న రెండు గంటలకు ఆమె వేలికి గుచ్చి చూసుకుంది. అంకె చూసి మొహం తెల్లబోయింది. ఆ ఫోటో పంపితే అడుగుతారు. మిషను పట్టుకుని నా ముందు నిలబడింది. నా చెయ్యి వైపు చూసింది, అంతే.

నేను నా చెయ్యి చాపాను.

సూది నా ఉంగరపు వేలికి గుచ్చింది. నా రక్తం పట్టీ మీద పడింది. మంచి అంకె వచ్చింది. ఆమె ఫోటో తీసి పంపింది. కొద్దిసేపటికి భర్త దగ్గర నుంచి గులాబీ పువ్వు బొమ్మ వచ్చింది. ఇద్దరం దాన్ని చూశాం.

ఇట్లా ఎన్నిసార్లు జరిగిందో తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాను. మామాకు మాటిచ్చాక గెనుసుగడ్డలు తొమ్మిదిసార్లు చేశాను. నా వేలు ఇచ్చింది మాత్రం అంతకంటే ఎక్కువ. ఎందుకంటే తర్వాత తర్వాత, గడ్డలు తినని రోజున కూడా అంకె ఎక్కువగానే వచ్చేది. ఆ రోజుల్లోనూ ఆమె నా దగ్గరికి వచ్చేది, నేనూ చెయ్యి చాపేదాన్ని. నేను ఇంటర్ దాకా చదువుకున్నాను. పెళ్ళి కాకముందు మా ఊరి అంగన్‌వాడీలో సాయం చేశాను. కడుపుతో ఉన్నవాళ్ళు ఏం తినాలో నా నోటితో నేనే చదివి వినిపించాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. డాక్టరు అంకెలు చూసి, బాగా అదుపు చేసుకుంటున్నారు, సూదులు అక్కర్లేదు అన్నాడట. మామా ఆ రోజు సంతోషపడి రెండు రొట్టెలు ఎక్కువ కాల్పించి పక్కింటికి పంపింది.

తొమ్మిదో నెల పడి కొద్దిరోజులైంది. ఎండలు ముదిరాయి. ఒకరోజు ఉదయం నేను బట్టలు మడుస్తుంటే ఆమె వచ్చి నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. ఎప్పుడూ బిడ్డ తంతున్నప్పుడు అట్లా పెట్టేది. నేను కదలిక కోసం చూశాను. లేదు. ఇంకో వైపు పెట్టి చూశాను. ఆమె నా మొహం చూస్తోంది, నేనేం చెబుతానా అని.

“నిన్న సాయంత్రం నుంచి” అంది.

నేను మామాను పిలిచాను. డ్రైవరన్న కారు తీశాడు. మామా, ఆమె వెనక సీట్లో కూర్చున్నారు. నన్ను ఇంట్లో ఉండమన్నారు. నేను అన్ని గదులూ తుడిచాను. తుడిచినవే మళ్ళీ తుడిచాను. మూడున్నరకు డ్రైవరన్న ఒక్కడే తిరిగొచ్చాడు, బట్టల సంచి కోసం. గేటు దగ్గర నిలబడి, నా వైపు చూడకుండా చెప్పాడు.

“లోపల్నే పోయిందంట చెల్లె. మొగపిలగాడు.”

మరునాడు మగవాళ్ళు వెళ్ళి మట్టి చేసి వచ్చారు. మామా ఆసుపత్రి నుంచి వచ్చి, పైన వేసుకున్న నల్ల అబాయా కూడా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వచ్చింది.

“ఆ పిల్ల ఏమన్నా తియ్యనిది తినిందా?” అని అడిగింది.

“లేదు మామా.”

“నా కండ్లల్లో సూసి చెప్పు.”

చూశాను. “లేదు మామా” అన్నాను.

కోడలు మూడోరోజు ఇంటికొచ్చింది. పాలు వచ్చి బట్టలు తడిసిపోతున్నాయి. మా వైపు అట్లాంటప్పుడు పాలు ఆగడానికి రొమ్ములకు మల్లెపూలు కడతారు. ఆ ఇంటి గోడ మీద మల్లెతీగ ఉండేది. కోసి గుడ్డలో వేసుకుని వెళ్ళి తలుపు తట్టాను. మామా తలుపు కొద్దిగా తెరిచి, గుడ్డ అందుకుని, ఇదెందుకని అడగకుండా మళ్ళీ వేసేసింది. బిడ్డ పోయాక వచ్చే పాల గురించి ఆమెకూ తెలుసు.

కోడలు ఆ తర్వాత వంటింట్లోకి రాలేదు. పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వచ్చేదాన్ని. సగం తిని అక్కడే పెట్టేది. నామీద కోపమో, తనమీద తనకో, నా మొహం చూస్తే జరిగింది గుర్తొస్తుందనో నాకు తెలియలేదు. అడగడానికి మా ఇద్దరి దగ్గరా అన్ని మాటలు లేవు.

నలభై రోజులయ్యాక ఆమెను పుట్టింటికి పంపడానికి ఒప్పుకున్నారు. మూడు నెలలకని ఖురూజ్ ఔదా, అంటే వెళ్ళి తిరిగి రావడానికి అనుమతి, వేయించారు. బయలుదేరేరోజు ఆమె వంటింటి గుమ్మం దాకా వచ్చింది. నా కుడిచెయ్యి తీసుకుని, ఉంగరపు వేలి కొసను తన రెండు వేళ్ళతో కాసేపు నొక్కి పట్టుకుంది. తర్వాత వదిలేసి వెళ్ళిపోయింది.

మూడు నెలలయ్యాయి. నాలుగయ్యాయి. భర్త వెళ్ళాడు తీసుకురావడానికి. ఒక్కడే వచ్చాడు. ఆ వారమంతా మామా అక్కచెల్లెళ్ళు, వదినెలు వచ్చి కూర్చున్నారు. నేను గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పోస్తున్నాను. ఒకామె, పరాయి దేశం పిల్ల అట్లాగే ఉంటుందని ఏదో అంది. మామా చేతిలోని కప్పు కింద పెట్టింది.

“నా మనమడిని అదే తినేసింది. పోయే ముందురోజు నాకు చెప్పింది. మేం పడుకున్నాక దొంగగా చక్కెర తెచ్చుకుని, ఆ గడ్డలు చేసుకుని తినిందంట. పనిమనిషికి గూడా తెలీదంట. నాలిక కోసం బిడ్డను తినేసింది” అంది.

అందరూ తలలూపారు. ఆ పిల్లను తలా ఒక మాట అన్నారు. నేను ఖాళీ అయిన చిన్న కప్పుల్లో మళ్ళీ పోసుకుంటూ గది చుట్టూ తిరిగాను.

కోడలు నన్ను తప్పించడానికి అబద్ధం చెప్పింది. ఆ అబద్ధంతో నేను హాయిగా బతకొచ్చు. మూడురోజులు బతికాను కూడా. నాలుగోరోజు మధ్యాహ్నం మామా పడుకోబోయే ముందు ఆమె గదిలోకి వెళ్ళి, మంచం పక్కన కింద కూర్చుని చెప్పేశాను. చక్కెర తెప్పించింది నేనేనన్నాను, ఎవరు తెచ్చారో మాత్రం చెప్పలేదు. గడ్డలు వేయించింది, పాకం పట్టింది నేనేనన్నాను. మామా కదలకుండా విన్నది. ఆ తర్వాత నా చెయ్యి చూపించి, ఫోటోల్లో ఉన్న రక్తం నాదని చెప్పాను.

అది ఆమెకు వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. అప్పుడామె లేచి కూర్చుంది.

“డాక్టరు సూసింది నీ రత్తమా?”

“అవును మామా.”

చాలాసేపు ఆమె జపమాల లాంటి తస్బీ పూసలు తిప్పుతూ ఉంది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. చివరికి నేను ఎదురుచూడని మాట అడిగింది.

“అది తినేటప్పుడు ఆ పిల్ల నవ్విందా?”

“నవ్వింది మామా.”

“నా ముందర ఒగసారి గూడా నవ్వలే” అని గోడవైపు తిరిగి పడుకుంది. నేను లేవబోతుంటే, అటు తిరిగే ఉండి అంది: “నా కొడుక్కు చెప్పొద్దు. వాడు నిన్ను జైల్లో పెట్టిస్తాడు. రేపటినుంచి నువ్వు వంటింట్లోకి రావద్దు. నా నీళ్ళు గూడా ముట్టుకోవద్దు.”

నా ఒప్పందం ముగియడానికి ఇంకా పదకొండు నెలలున్నాయి. ఆ పదకొండు నెలలూ బట్టలుతికాను, నేల తుడిచాను. వంటకు కెన్యా నుంచి ఇంకొకామె వచ్చింది. ఆమె నాకు తిండి పెట్టి, నేను వంటింటి గీత ఎందుకు దాటనో అడిగేది. ఏదో జవాబు చెప్పేదాన్ని. మామా నాతో పనికి కావలసిన మాట తప్ప మాట్లాడలేదు. కానీ తన మాట తాను నిలబెట్టుకుంది. కొడుకుకు ఎప్పటికీ తెలియలేదు. ఆ తప్పంతా తన కోడలిది కాదని ఆమె అక్కచెల్లెళ్ళకు కూడా చెప్పలేదు. నేను ఆమెకు నిజం చెప్పి ఆ పిల్ల మీది నింద తీసేయించానా అంటే, లేదు. నా మనసులో బరువు కొంత దించుకుని ఒక ముసలామె మీద పెట్టాను.

ఒప్పందం ముగించుకుని ఇంటికి పోయే ఫైనల్ ఎగ్జిట్ వీసా వేయించుకుని వెళ్ళేరోజు డ్రైవరన్నే నన్ను విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు. తోటలు దాటి ఎడారి మొదలయ్యాక నేనే అడిగాను.

“డాక్టరు ఏమన్నాడంట అన్నా అప్పుడు? దేనికి పోయిందన్నాడు?”

“షుగరుతోని గావచ్చు అన్నడంట. పేగు సుట్టుకున్నట్టు గూడ ఉన్నదన్నడంట. సార్ ఫోన్ల మాట్లాడుతుంటె ఇన్న. గట్టిగ ఏదీ చెప్పలే.”

“అయితే మనది కాకపోవచ్చు గదా.”

ఆయన అద్దంలో నా వైపు చూశాడు. “కాకపోవచ్చు. అయితె గూడ అయివుండొచ్చు. చెల్లె, పొట్లం తెచ్చింది నేనని చెప్పలేదు నువ్వు. అది నాకు ఎరుకే. ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టు.”

నేను విడిచిపెట్టలేదు. ఊళ్ళో ఏడాదిన్నర ఉన్నాను. చిన్న కూతురికి నెల తప్పినప్పుడు నా దగ్గరికి తీసుకొస్తామన్నారు. నేను ఏదో వంక చెప్పి అత్తవారింట్లోనే ఉండనిచ్చాను. నా కూతురు ఇప్పటికీ ఆ మాటకు నన్ను క్షమించలేదు. బిడ్డ బాగానే పుట్టింది. ఫోటోలో చూశాను.

తర్వాత మళ్ళీ వీసా తీసుకుని ఇటే వచ్చాను. ఇప్పుడు అల్ ఖర్జ్‌లో ఒక పెద్ద ఇంట్లో ఉన్నాను. ఇద్దరు కోడళ్ళు, ఏడుగురు పిల్లలు. వచ్చిన రోజే ఇంటామె నన్ను కూర్చోబెట్టి, వంట వస్తుందా అని అడిగింది. రాదని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు కానీ బలవంతం చేయలేదు. ఇక్కడ నాది ఊడ్చి తుడిచే పని. చిన్న కోడలికి ఇది ఆరో నెల. ఆమె గది తుడిచేటప్పుడు తల వంచుకుని తుడిచి, తొందరగా బయటికొస్తాను.